మఱపు ముసిరినవారికి కళాసాంగత్యము

ధారణకు తెలుగువారు పట్టము కట్టినారు. అష్టావధానసభలో పృచ్ఛకులు సమస్యను, దత్తపదిని, నిషిద్ధాక్షరిని ఒకరి వెంట నొకరు సంధించుచుండగా, అప్రస్తుతప్రసంగి నడుమ నడుమ ఏకాగ్రతను భంగపఱుప యత్నించుచుండగా, వీనినన్నిటిని తట్టుకొని, తుదకు తాను పూరించిన పద్యములను ఒక్క అక్షరము తప్పక అప్పగించిన అవధానికి శాలువ కప్పి జేజేలు పలుకుట మన సాహిత్యజీవితములో ఒక పండుగ. బడిలో చేరిన పిల్లవాని ప్రజ్ఞనైనను, ఎన్ని శతకపద్యములు నోటికి వచ్చునో అడిగియే మనము చాలకాలము కొలుచుచు వచ్చితిమి. జ్ఞాపకమును ఇంతగా ఆరాధించిన సమాజమున, వార్ధక్యముతో ఆ జ్ఞాపకమే సడలిపోవుచున్న మనిషికి ఏ స్థానము మిగులును? మన యిండ్లలో సామాన్యముగా మిగులునది వసారాలో ఒక మూల. "కృష్ణా రామా యనుకొనుచు కూర్చుండక ఈ గొడవలన్నియు నీకెందులకు" అను మాటలో పెద్దఱికముపట్ల మన్నన కొంత ఉన్నను, విసుగే యెక్కువపాలు. ఆ మూలనుండి అట్టివారిని మఱల నలుగురి నడుమకు తెచ్చుటలో గానము, చిత్రము, కథాకల్పనము, నాటకము ఎట్టి పాత్ర వహించుచున్నవో, ఆ పాత్రకు గల హద్దులేవియో విచారించుటయే ఈ వ్యాసమునకు ఉద్దేశము.

వైద్యులు డిమెన్షియా యని వ్యవహరించునది ఒక్క రోగము కాదు. జ్ఞాపకమును, ఆలోచనను, భాషను, నిత్యకృత్యములను నిర్వహించుకొను నేర్పును క్రమక్రమముగా హరించు లక్షణముల సముదాయము. మెదడుకు రక్తప్రసారము చాలకపోవుటవలన వచ్చునది ఒకటి, లూయీ బాడీ యను ప్రోటీను ముద్దలవలన వచ్చునది వేఱొకటి, నుదుటిభాగమును కణతల భాగమును ముందుగా పట్టి స్వభావమునే మార్చివేయునది మఱియొకటి. అన్నిటికంటె తఱచుగా, అనగా 60 నుండి 70 శాతము మందిలో, కనిపించునది అల్జైమర్స్ వ్యాధి. లోకమున ఐదున్నర కోట్లకు మించినవారు డిమెన్షియాతో జీవించుచున్నారనియు, ఏటేట ఇంచుమించు కోటి మంది క్రొత్తగా దీని పాలగుచున్నారనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మన దేశములో 60 సంవత్సరములు దాటినవారియందు నూటికి 7.4 మందికి, అనగా దాదాపు 88 లక్షల మందికి, ఈ స్థితి యున్నట్లు దేశవ్యాప్తముగా జరిపిన పరిశీలనను ఆధారము చేసికొని 2023లో పరిశోధకులు అంచనా వేసిరి. ఇది వయస్సుతో అందఱికిని వచ్చు సహజమైన మఱపు కాదు. కన్నబిడ్డల మీద కోపమువలన తెచ్చిపెట్టుకొనిన మొండితనము అంతకంటె కాదు. "చాదస్తము" అని మనము తీసివేయుచున్న దానిలో ఎంతయో భాగము మెదడు కణముల వినాశమే.

ఈ వ్యాధికి తన పేరు నిచ్చిన ఆలోయిస్ అల్జైమర్ 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ నగరపు ఆసుపత్రిలో ఆగుస్తె డేటర్ అను 51 సంవత్సరముల స్త్రీని పరీక్షించెను. ఆమె మరణించిన పిమ్మట మెదడును సూక్ష్మదర్శినితో పరిశోధించి, 1906లో ట్యూబింగెన్ నగరమున వైద్యుల సభలో ఆ విశేషములను వివరించెను. చిరకాలము కనిపింపకపోయిన ఆమె వైద్యపత్రములు 1995లో మఱల దొరికినవి. వానిని చూచినచో ఆ రోగికిని వైద్యునికిని నడచిన సంభాషణ యంతయు ప్రశ్నోత్తరముల రూపముననే యున్నది: పేరేమి, ఇంటిపేరేమి, భర్త పేరేమి, ఇప్పుడు తినుచున్న వస్తువేది. రోగనిర్ణయమునకు అట్టి ప్రశ్నలు అవసరమే. ఆయనను తప్పు పట్టనక్కఱలేదు. చిక్కు ఎక్కడ వచ్చుచున్నదనగా, వైద్యశాలలో ఒక పూట జరుగవలసిన ఆ పరీక్ష ఇంటిలో దినదినము జరుగుచున్నది. వచ్చిన ప్రతి బంధువు "నన్ను గుర్తు పట్టితివా, నేనెవరినో చెప్పుము చూతము" అని నిలువబెట్టి అడుగును. ప్రేమతోనే అడుగును. సమాధానము చెప్పలేని మనిషి మాత్రము ప్రతిమాఱు ఓడిపోవుచు, కొంతకాలమునకు మాటలాడుటనే మానుకొనును.

ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్‌లో పనిచేసిన టామ్ కిట్‌వుడ్ అను మనస్తత్వవేత్త 1997లో వెలువరించిన గ్రంథములో ఈ విషయమునే సిద్ధాంతరూపమున చర్చించెను. డిమెన్షియాగల మనిషి దుఃస్థితికి మెదడులో కలుగు నాశము ఒక్కటే కారణము కాదనియు, చుట్టునున్నవారు తెలిసియో తెలియకయో చూపు తిరస్కారము రెండవ కారణమనియు ఆయన వాదము. పసిబిడ్డతో వలె మాటలాడుట, ఎదుట కూర్చుండి యుండగనే అతడు లేనట్లు అతనిగూర్చి చెప్పుకొనుట, అతడు అందుకొనలేని వేగముతో పనులు జరిపించుట, చేతనైన పనినికూడ చేయనీయకుండుట, మాటకు మాటకు అబద్ధములతో ఏమార్చుట - ఇట్టివి ఒక్కొక్కటిగా చూచినచో అల్పములు. అన్నియు చేరి మనిషిని మనిషితనమునకు దూరము చేయును. మొదటి గాయమును మాన్పు ఔషధము వైద్యశాస్త్రమునకు ఇంకను పూర్తిగా చేజిక్కలేదు. రెండవ గాయము చేసినవారము మనము, మాన్పదగినవారమును మనమే. కళలు పనిచేయుచున్నది ఈ రెండవ గాయముమీదనే యని గ్రహించినచో, వానినుండి ఏమి ఆశింపవచ్చునో, ఏమి ఆశింపరాదో స్పష్టమగును.

అయితే మఱపు ఆవరించిన మనస్సున కళకు పట్టు దొరకుట యెట్లు? అల్జైమర్స్ వ్యాధి సాధారణముగా ముందు దెబ్బతీయునది కణతల లోతున నుండు హిప్పోక్యాంపస్ అను భాగమును. నేటి సంగతులను రేపటికై భద్రపఱచునది అదియే. అందువలన ప్రొద్దున తిన్న దోసె జ్ఞప్తిలో నుండదు, పదునేనేండ్ల ప్రాయమున చూచిన తిరునాళ్లు కన్నులకు కట్టినట్లుండును. పాత గోడమీది సున్నము రాలునపుడు కడపట వేసిన పూత ముందుగాను, మొదట వేసిన పూత చివరను రాలుట వంటిదే యిది. చేతులకు అలవడిన విద్యలు, నోటికి పట్టుబడిన పాటలు వేఱు మార్గములలో నిలువయుండుటచే ఇంకను ఆలస్యముగా చెడును. జర్మనీలోని లైప్‌జిగ్ నగరమునందలి మాక్స్ ప్లాంక్ సంస్థ పరిశోధకులు 2015లో ప్రకటించిన అధ్యయనము ప్రకారము, చిరపరిచితమైన సంగీతము వినునపుడు మెదడులో ఏ ప్రదేశములు ప్రధానముగా పనిచేయునో, ఆ ప్రదేశములే అల్జైమర్స్ వ్యాధిలో తక్కినవానికంటె తక్కువగా క్షీణించుచున్నవి. భార్య పేరు తడబడు వృద్ధుడు పెండ్లినాటి మంగళహారతిని తుదివఱకు పాడుటలో వింత యేమియు లేదన్నమాట.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి మఱియొకటి కలదు. అమెరికాలోని అయొవా విశ్వవిద్యాలయమున అల్జైమర్స్ వ్యాధిగల 17 మందికిని, ఆరోగ్యవంతులైన మఱి 17 మందికిని విషాదము గొలుపు చలనచిత్ర ఖండములను, వేఱుగా సంతోషము గొలుపు ఖండములను చూపిరి. కొన్ని నిమిషములు గడచినంతనే వ్యాధిగ్రస్తులు తాము చూచినదానిలో చాలభాగము మఱచిరి. కొందఱికి చిత్రము చూచిన సంగతియే జ్ఞప్తి లేదు. కాని ఆ చిత్రము రేపిన దుఃఖముగాని సంతోషముగాని వారియందు అంత శీఘ్రముగా అణగలేదు. కారణము మఱుగుపడినను భావము నిలిచెను. 2014లో ప్రకటితమైన ఈ ఫలితమునకు లోకవ్యవహారమున గొప్ప అర్థమున్నది. "ఎట్లును మఱచిపోవును గదా, పలుకరించిన నేమి, కసరుకొనిన నేమి" యను వాదమునకు ఇక తావు లేదు. కసరుకొనిన మాట పోవును, కసరు మిగులును. పాడుకొనిన పాట పోవును, పాట తెచ్చిన తేటదనము కొంతసేపైనను మిగులును.

ఈ సత్యమును శాస్త్రజ్ఞులు కొలుచుటకు ముందే ఒక రంగస్థలాచార్యురాలు ఇంచుమించు యాదృచ్ఛికముగా కనుగొనెను. 1996లో అమెరికాలోని మిల్వాకీ నగరమున ఆన్ బాస్టింగ్ ఒక నర్సింగ్ హోమ్‌లో స్వచ్ఛందముగా పనిచేయుచు, అక్కడి వృద్ధులచే వారి పూర్వస్మృతులను చెప్పించి వానిని నాటకముగా మలచవలెనని వారముల తరబడి యత్నించెను. ఎవరును పెదవి కదపలేదు. స్మృతిని అడుగుట వారికి లేనిదానిని అడుగుటయే యయ్యెను. తుదకు ఆమె ఒక పత్రికనుండి సిగరెట్టు ప్రకటనలోని గుఱ్ఱపురౌతు బొమ్మను చించి తెచ్చి, ఇతనికి ఏ పేరు పెట్టుదమని అడిగెను. ఒకరు ఫ్రెడ్ అనిరి. ఇంటిపేరేమి యనగా నాట్యములకు పేరుపొందిన సినిమా నటుడు ఫ్రెడ్ అస్టేర్ అక్కడ వెలసెను. ఎక్కడివాడనగా ఓక్లహామా యని మఱియొకరు అందుకొనిరి. అంతట పాటలు వచ్చెను, నవ్వులు వచ్చెను, వారములుగా మూగపడిన గది మాటలతో నిండెను. ఆమె చేసినదెల్లను చెప్పిన ప్రతి మాటను పెద్ద కాగితముమీద వ్రాసికొనుటయు, అప్పుడప్పుడు దానిని మొదటినుండి చదివి వినిపించుటయు మాత్రమే.

టైమ్‌స్లిప్స్ అను పేర పిమ్మట దేశదేశములకు వ్యాపించిన పద్ధతికి ఇదియే బీజము. ఈ పద్ధతిలో పదిమందిలోపు వలయముగా కూర్చుందురు. వింతగొలుపు ఒక చిత్రమును అందఱికిని పంచుదురు. తప్పొప్పులకు అవకాశము లేని ప్రశ్నలు మాత్రమే వేయుదురు. ఒకరు పక్షి యనినదానిని వేఱొకరు విమానమనినచో రెండును కథలోనికి వచ్చును. మాట రానివారు చేసిన ధ్వనినికూడ, చూపిన అభినయమునుకూడ వ్రాసికొందురు. కథలో పొందిక లేకపోవచ్చును. చెప్పినది విని, వ్రాసి, చదివి వినిపించినవారున్నారన్న తృప్తి ఉన్నది. 20 నర్సింగ్ హోమ్‌లను ఎంచుకొని, వానిలో పదింటిలో ఈ పద్ధతిని నడిపి, తక్కిన పదింటితో పోల్చి చూచిన అధ్యయనము 2009లో వెలువడినది. కథలు అల్లిన చోట వృద్ధులు ఎక్కువ మెలకువతోను ఆసక్తితోను ఉండిరి. అంతకంటె గమనింపదగినదేమనగా, అక్కడి పరిచారకులు వృద్ధులతో మాటలాడుట పెరిగినది, వారిని చులకనగా చూచుట తగ్గినది. కథ రోగి మెదడును మార్చినదో లేదో గాని పరిచారకుని దృష్టిని మార్చినది. కిట్‌వుడ్ చెప్పిన రెండవ గాయము మానుట యనగా నిదియే.

బాస్టింగ్ ఇంతటితో తృప్తి పడలేదు. మిల్వాకీ సమీపమున లూథర్ మానర్ అను వృద్ధుల నివాసమునందు గ్రీకుల ఒడిస్సీ కావ్యమును చేకొని, నివాసులు, సిబ్బంది, విశ్వవిద్యాలయ విద్యార్థులు, వృత్తినటులు కలిసి దాదాపు రెండేండ్లు పనిచేసి, 2011లో ఆ భవనపు నడవలయందును గదులయందును ఒక నాటకమును ప్రదర్శించిరి. అందులో కథానాయకుడు సముద్రములు దాటిన ఒడిస్సియస్ కాదు. ఇరువది యేండ్లు ఇల్లు కదలక ఎదురుచూచిన అతని భార్య పెనలోపీ. ఊర్మిళాదేవి నిద్రను స్త్రీల పాటగా మలచుకొనిన మన తెలుగుటాండ్రకు ఈ ఎంపికలోని ఔచిత్యము వేఱుగా చెప్పనక్కఱలేదు. వృద్ధాశ్రమమున నుండువారికి ప్రయాణముకంటె నిరీక్షణమే అనుభవైకవేద్యము. వినోదము కలిగించి కాలము గడపించుటకును, కావ్యమొకదానిని వారి బ్రతుకుదృష్టితో వారిచేతనే వ్యాఖ్యానింపజేయుటకును గల అంతరమును ఈ ప్రయత్నము చూపినది.

చిత్రకళ విషయమున న్యూయార్క్ నగరపు ఆధునిక కళాప్రదర్శనశాల, లోకమున మోమా యని ప్రసిద్ధమైనది, 2006లో మంచి త్రోవ తీసెను. వాన్ గోహ్ చిత్రించిన నక్షత్రఖచితమైన రాత్రి వ్రేలాడు ఆ శాలలోనికి, సామాన్యప్రేక్షకుల రద్దీ లేని దినమున, డిమెన్షియాగలవారిని వారి సంరక్షకులతో కూడ ఆహ్వానించి, చిన్న చిన్న బృందములుగా చేసి, గంటన్నర కాలములో కొద్ది చిత్రములను మాత్రమే చూపెడు పద్ధతి అది. చిత్రకారుని పేరుగాని కాలముగాని ఎవరును అడుగరు. ఇచట మీకు ఏమి కనిపించుచున్నది, ఈ రంగు మీకు ఎట్లు తోచుచున్నది, ఈ యింటిలో నివసింప మీకిష్టమేనా యని అడుగుదురు. న్యూయార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు పరిశీలింపగా, సందర్శనానంతరము రోగుల మనస్సే కాక వెంట వచ్చిన భార్యాభర్తల, బిడ్డల మనస్సుకూడ తేటపడినట్లు తేలినది. ఇందులో ఆశ్చర్యమేమి? మందులు వేయుట, స్నానము చేయించుట, తలుపునకు తాళము వేయుట - వీనితోనే రోజులు గడచిపోవుచున్న దంపతులు ఒక చిత్రము ముందు నిలిచి, మునుపటివలె ఇరువురు మనుష్యులుగా అభిప్రాయములు చెప్పుకొనుటకు అది యొక సందర్భము.

చిత్రము చూచువారే కాక చిత్రించినవారును కలరు. అమెరికాలో పుట్టి లండనులో స్థిరపడిన విలియమ్ యూటర్‌మోలెన్ అను చిత్రకారునకు 1995లో అల్జైమర్స్ వ్యాధి నిర్ధారితమైనది. చేయి కుంచెను పట్టగలిగినన్ని నాళ్లు ఆయన తన ముఖమునే చిత్రించుకొనుచు వచ్చెను. ఆ వరుసలో ముఖపు రేఖలు సడలి, అవయవముల పొందిక చెదరి, తుదకు ఆకారమే కరగిపోవుటను వైద్యులు రోగలక్షణముల పట్టికగా చూచిరి. కాని లోనుండి చూచినచో ఏమగుచున్నదో చెప్పుటకు మాటలు చాలని కాలమున, ఆయన రంగులతో చెప్పిన వాఙ్మూలములవి. తన దశను తానే పరిశీలించి, భయమును దాచక చూపిన మనిషిని "ఏమియు తెలియనివాడు" అని యెవరనగలరు?

సామాన్యజనులలో మిక్కిలి వ్యాప్తి పొందినది మాత్రము పాటయే. ఇంగ్లండులోని న్యూబరీ పట్టణమున అల్జైమర్స్ సొసైటీలో పనిచేయుచుండిన క్రియాన్ మాంట్‌గమరీ-స్మిత్ 2003 ప్రాంతమున ప్రారంభించిన సామూహికగానసభలు నేడు ఆ దేశమంతట వారము వారము జరుగుచున్నవి. టీ త్రాగుట, ఒక్కొక్కరిని పేరుతో పలుకరించు స్వాగతగీతము, గొంతు సవరించుకొను చిన్న అభ్యాసములు, పిమ్మట అందఱెఱిగిన పాటలు, చివరకు వీడ్కోలు పాట - ప్రతివారము ఇదే క్రమము. ఏలయన తరువాత ఏమి రానున్నదో తెలియనివానికి క్రమమే ధైర్యము. రోగియు సంరక్షకుడును ప్రక్కప్రక్కనే కూర్చుండి పాడుదురు. చూచువానికి వీరిలో ఎవరు రోగియో చటుక్కున పోల్చుకొన శక్యము కాదు. ఫిన్లండులో 89 జంటలను, అనగా రోగిని, అతని సంరక్షకుని కలిపి ఒక జంటగా, మూడు వర్గములు చేసి పది వారములు పరిశీలించిరి. కొందఱు పాడిరి, కొందఱు వినిరి, కొందఱికి మామూలు సంరక్షణయే జరిగెను. 2014లో ప్రకటించిన ఫలితముల ప్రకారము పాడినవారియందును వినినవారియందును మనఃస్థితియు గతస్మృతియు మెరుగుపడినవి. పాడినవారి సంరక్షకుల మనస్సుకూడ కుదుటపడినది. భారమంతయు ఒక్క భార్యపైననో ఒక్క కోడలిపైననో పడు మన కుటుంబములలో ఈ కడపటి వాక్యమును రెండుమాఱులు చదువుకొనవలసియున్నది.

ఇంతవఱకు చెప్పినదానివలన కళ ఔషధమనియు, పాడినవారి మఱపు తగ్గుననియు ఎవరైన భావించినచో అది పొరపాటు. సంగీతచికిత్సపై జరిగిన పరీక్షలనన్నిటిని కూర్చి కాక్రేన్ సంస్థ 2018లో వెలువరించిన సమీక్షలో, సంగీతమువలన దిగులు కొంత తగ్గుననియు, మొత్తముమీద ప్రవర్తనలోని ఇబ్బందులు కొంత సర్దుకొననగుననియు, బుద్ధిశక్తిపైన మాత్రము దాని ప్రభావము స్వల్పముగానో శూన్యముగానో యున్నదనియు నిర్ణయించిరి. చిత్రలేఖన చికిత్సగూర్చి అదే సంస్థ అదే సంవత్సరమున సమీక్షింపబూనగా, లెక్కకు తగిన పరీక్షలు రెండే దొరికినవి. కావున అవునని గాని కాదని గాని చెప్పుటకు ఆధారము చాలదనిరి. బ్రిటనులో 125 మందితో 12 వారములు జరిపిన చిత్రకళాకార్యక్రమములో, కళతో గడపిన గంటలయందు ఆసక్తి, ఆనందము, ఆత్మగౌరవము స్పష్టముగా పెరుగుటయు, కాలాంతరమున కొలిచిన జీవననాణ్యతలో మాత్రము గణనీయమైన మార్పు కనబడకపోవుటయు సంభవించినది.

దీనిని చూచి నిరాశపడువారు ఒక్క ప్రశ్న వేసికొనవలెను. కచేరీకి వెళ్లివచ్చిన ఆరోగ్యవంతుని "మూడు నెలల పిమ్మట నీకు కలిగిన లాభమేమి" యని మనము అడుగుచున్నామా? ఆ సాయంకాలము బాగుండినదనినచో చాలునందుము. నిన్నయు రేపును చేజారిపోయిన మనిషికి ఈ గంటయే సమస్తజీవితమైనపుడు, ఆ గంట గౌరవముతోను సంతోషముతోను గడచుటకంటె మించిన ఫలమును కోరుటలో న్యాయమేమున్నది? ఫలితమును లెక్కించు శాస్త్రమునకు దాని స్థానము దానికున్నది. రోగము నయమగునను భ్రమ కల్పించి సొమ్ము చేసికొనువారినుండి అది మనలను కాపాడును. కాని మనిషిని మనిషిగా చూచుటకు గణాంకముల అనుమతి అక్కఱలేదు.

తెలుగునేలకు ఈ విచారమున సంబంధము లేకపోలేదు. హైదరాబాదులోని నిజాం వైద్యవిజ్ఞాన సంస్థకు వచ్చిన 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, రెండు గాని అంతకు మించి గాని భాషలు మాటలాడువారియందు వ్యాధిలక్షణములు సగటున నాలుగున్నర సంవత్సరములు ఆలస్యముగా కనిపించుచున్నవని డాక్టరు సువర్ణ అల్లాడి బృందము 2013లో ప్రకటించిన సంగతి ప్రపంచప్రసిద్ధము. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు కలగలిసిన ఆ నగరపు వీథులే వారికి ప్రయోగశాల. ఆ భాషలన్నిటిలోను తుదివఱకు నిలుచునది చాలమందియందు తల్లిభాషయే కావున, బిడ్డలతో పరదేశమునకు పోయి అక్కడి వృద్ధాశ్రమములలో నున్న తెలుగు పెద్దలకు, అర్థముకాని భాషలోని పాటలకంటె తెలుగులోని ఒక జోలపాట ఎక్కువ ఆసరా యగును.

కళారూపముల విషయమున మనము ఎవరినుండియు అరువు తెచ్చుకొనవలసినది లేదు. మన జనసామాన్యపు పాటలలో చాలవాని నిర్మాణమే యీ ప్రయోజనమునకు అమరియున్నది. భజనలో ముందు కూర్చున్నవారు చరణమునెత్తుకొనగా తక్కినవారు దానినే మఱల పాడుదురు. బతుకమ్మ చుట్టు తిరుగు స్త్రీలలో ఒకతె పాట చెప్పగా తక్కినవారు చప్పట్లతో వంత కలుపుదురు. బుఱ్ఱకథలో ప్రధానకథకుని ఇరువైపుల నిలిచిన వంతలు తందాన యందురు. దంపుళ్ల పాటలయందు రోకటిపోటుకు తగినట్లు పదము తిరిగి తిరిగి వచ్చును. జ్ఞాపకపు భారమును ఒక్కరికి అప్పగించి, ఆనందమును పదిమందికి పంచిపెట్టు ఏర్పాటు ఇది. చరణము మఱచినను వంత మఱువనక్కఱలేదు. వంతయు రానినాడు చప్పట్లు మిగులును. కూర్చుండి రెండు కోలాటపు కఱ్ఱలు తట్టినను ఆటలో నున్నట్లే. అయినను మనము వృద్ధుని మతి తప్పుచున్నదని తెలిసినంతనే మొట్టమొదట మాన్పించునది ఆ భజనకు పోవుటనే; నలుగురిలో నవ్వులపాలగుననియు, ఇంటిపరువు పోవుననియు మన వెఱపు. అతనికి ఇంకను చేతనైన పనిని మనమే మాన్పించి, చేతకాని ప్రశ్నలను మాత్రము రోజు అడుగుచున్నాము.

పూనుకొనువారికి కొన్ని జాగ్రత్తలు అవసరము. పాటను ఎన్నుకొనుట మన ఇష్టమువలన గాక వారి వయస్సును, వారి మతమును, వారి ఊరిని బట్టి జరుగవలెను. పదేండ్లకును ముప్పదేండ్లకును నడుమ విన్న పాటలు సామాన్యముగా గాఢముగా నాటుకొనును. విషాదస్మృతితో ముడివడిన పాట ఏడ్పించుటయు కలదు. అట్లయినపుడు పట్టుబట్టక మార్చవలెను. పొద్దు వ్రాలువేళ కలవరము హెచ్చు స్వభావము చాలమందికి ఉండుటచే ఉదయపు వేళ మేలు. గుంపు చిన్నదిగాను, స్థలము మారనిదిగాను, చప్పుడు తక్కువగాను ఉండవలెను. చెవి వినపడని వానికి వినికిడి యంత్రము పెట్టకయే "పాడుటలేదు" అని నిందింపరాదు. చిన్నపిల్లల రంగుపెన్సిళ్లును, పూవులకు రంగు నింపు పుస్తకములును ఇచ్చి, హైకోర్టు ప్లీడరుగా వాదించినవానిని, నలువది పుట్ల కమతము నడిపినవానిని "చక్కగా వేసినావు" అని మెచ్చుకొనుట గౌరవము కాదు. అన్నిటికంటె ముందు, రానని చెప్పు హక్కుకూడ వారికి ఉన్నదని తెలిసికొనవలెను. బలవంతపు ఉల్లాసము మఱియొక హింస.

ఇందులకు వలసినవి పెద్ద ధనరాశులు కావు. ఊరిలో వారమునకొక పూట తెఱచి ఉంచు గది, పాట ఎత్తుకొను కంఠమొకటి, ఓర్పుగల మనుష్యులు ఇరువురు ముగ్గురు - దేవాలయముల, మసీదుల, చర్చీల ప్రాంగణములు, శాఖా గ్రంథాలయములు, మహిళాసంఘముల గదులు ఇందులకు చాలును. ఆశా కార్యకర్తలకు ఈ లక్షణములను గుర్తించు శిక్షణ నిచ్చి, మందుచీటితోపాటు ఇట్టి సభకు దారి చూపు ఏర్పాటు ప్రభుత్వములు చేయవలసియున్నది. అంతవఱకు వేచియుండక, మన యిండ్లలో మనము రేపే చేయదగిన పని యొకటి కలదు: పెద్దవారిని చూడబోయినపుడు, నేనెవరినని అడుగుట మాని, మన పేరును మనమే చెప్పి, వారికి నచ్చిన పాటనో పద్యమునో మొదటి పాదము ఎత్తుకొని, రెండవదానిని వారు అందుకొనినను అందుకొనకున్నను చివరివఱకు వారి ప్రక్కనే కూర్చుండి పాడుట.